తెర చూపిన సంఖ్య: ‘ది డిజిటల్ డాక్టర్’ గ్రంథ విమర్శ

వైద్యుడు గొలుసుకట్టుగా వ్రాసిన చీటీని మందుల దుకాణములో తప్పుగా చదువుట మనమందరము ఎరిగిన పాత ప్రమాదమే. ఆ ప్రమాదమును తొలగించుటకే మందుల చీటీ కంప్యూటరులోనికి ఎక్కినది. అక్షరములు స్పష్టమైనవి. ఒక మందు పేరును మరియొకటిగా చదువు భయము తగ్గినది. రోగికి పడని మందు వ్రాసినచో యంత్రమే హెచ్చరించును. ఈ లాభములు నిజమైనవే. అయితే పాత ప్రమాదము పోయిన చోట క్రొత్త ప్రమాదమేదైనను ప్రవేశించినదా? ప్రవేశించినచో దానిని కనిపెట్టుటకు వైద్యునకు, నర్సునకు, ఫార్మసిస్టునకు ఎట్టి నేర్పు కావలెను? ఈ ప్రశ్నలను విచారించువారికి రాబర్ట్ వాక్టర్ రచించిన ‘ది డిజిటల్ డాక్టర్’ అను ఇంగ్లీషు గ్రంథము మిక్కిలి ఉపకరించును. దీనిని 2015లో మెక్‌గ్రా-హిల్ వారు ప్రకటించిరి.

గ్రంథకర్త సాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రాచార్యుడు. ఆసుపత్రిలో చేరిన రోగులను మాత్రమే చూచు వైద్యులకు ‘హాస్పిటలిస్టు’ అను పేరును 1996లో లీ గోల్డ్‌మన్‌తో కలిసి పెట్టినవాడు ఈయనయే. కంప్యూటరు వలన వైద్యములో వచ్చిన మార్పులను తెలిసికొనుటకై వైద్యులను, నర్సులను, ఇంజనీర్లను, విమాన చోదకులను దాదాపు నూరుగురిని కలిసి మాటలాడి ఈ గ్రంథమును వ్రాసెను.

గ్రంథమునకు పుట్టుక కల్పించిన పరిస్థితిని మొదట చెప్పవలెను. అమెరికా ప్రభుత్వము 2009లో ఒక చట్టము చేసి, రోగుల కేసు షీట్లను కంప్యూటరులో ఉంచు ఆసుపత్రులకును వైద్యులకును ప్రోత్సాహకముగా సుమారు 3,000 కోట్ల డాలర్లు కేటాయించెను. 2008లో అట్టి ఏర్పాటు గల ఆసుపత్రులు నూటికి తొమ్మిది, పది మాత్రమే. 2014 నాటికి అవి నూటికి డెబ్బదియైదైనవి. ఆరేండ్లలో పరికరము వచ్చినది. దానితో మెలగు నేర్పు అంత త్వరగా రాలేదు. ఇదియే గ్రంథమంతటికిని మూలసూత్రము.

ముప్పదియెనిమిదిన్నర మాత్రలు

గ్రంథములోని అనేక విషయములలో ఒక్కటి మన పాఠకులకు ముఖ్యముగా చెప్పదగినది. అది 2013 జూలైలో గ్రంథకర్త పనిచేయు ఆసుపత్రిలోనే జరిగినది.

పదునారేండ్ల బాలుడొకడు ఒక పరీక్ష నిమిత్తము ఆసుపత్రిలో చేరెను. పుట్టుకతో వచ్చిన వ్యాధి వలన వానికి రోగనిరోధక శక్తి తక్కువ. అందుచే సూక్ష్మజీవులు సోకకుండుటకు వాడు వాడుకగా ఒక మాత్ర వేసికొనుచుండెను. మన దేశమున కో-ట్రైమాక్సజోల్ అని పిలువబడు మందే అది. ఒక మాత్రలో ట్రైమెథోప్రిమ్ అను పదార్థము 160 మిల్లీగ్రాములు ఉండును. మోతాదును దానినిబట్టి లెక్కింతురు.

బాలుని బరువు 38.6 కిలోగ్రాములు. నలుబది కిలోగ్రాములకు తక్కువ బరువుగల రోగికి మందును బరువునుబట్టియే వ్రాయవలెనని ఆ ఆసుపత్రి నియమము. కిలోగ్రాముకు 5 మిల్లీగ్రాముల చొప్పున వైద్యురాలు వ్రాయగా యంత్రము 193 మిల్లీగ్రాములని లెక్క తేల్చెను. అట్టి మాత్ర లేదు. ఉన్నది 160 మిల్లీగ్రాముల మాత్ర. కావున 160 అని సరిచేసి మరల వ్రాయుడని ఫార్మసిస్టు ఆమెకు కబురు పంపెను. ఆమె మందుల తెర తెరచి 160 అని కొట్టెను. ఆ గడి మాత్రము ఇంకను ‘కిలోగ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములు’ అను ప్రమాణమునందే నిలిచియుండెను.

యంత్రము గుణకారములో ఏమాత్రమును తప్పలేదు. 160ని 38.6తో గుణించి 6,176 మిల్లీగ్రాములనెను. దానిని మాత్రలలోనికి మార్చి 38½ మాత్రలని తేల్చెను. మోతాదు మించినదని వైద్యురాలి తెరమీద హెచ్చరిక వచ్చెను. ఆమె దానిని దాటిపోయెను. ఫార్మసిస్టు తెరమీదను వచ్చెను. తాను కోరిన 160 అను అంకె అచట కనబడుచుండుటచే ఆయనయు దాటిపోయెను. తరువాత పని మందులు కట్టు యంత్రమునది. మనిషియైనచో అన్ని మాత్రలు ఒక్కనికా అని చేయి ఆపియుండును. యంత్రము ఆగదు, లెక్కించి పొట్లములు కట్టెను.

ఆ రాత్రి ఆ వార్డులో పనిచేయుచున్న నర్సు అచటికి క్రొత్త. ఇన్ని మాత్రలేమని ఆమెకు సందేహము కలుగకపోలేదు. కాని వైద్యురాలు వ్రాసినది, ఫార్మసిస్టు చూచినాడు. ఒక్కొక్క పొట్లము మీది బార్‌కోడును యంత్రమునకు చూపగా యంత్రము సరియేనన్నది. బాలుడు మాత్రలన్నిటిని మ్రింగెను. కొన్ని గంటలకు వానికి మూర్ఛ వచ్చి ఊపిరి ఆగినంత పనియైనది. అదృష్టవశమున చికిత్స ఫలించి కోలుకొనెను.

నేర్పు ఎచట లోపించినది?

ఈ ముగ్గురిలో ఎవ్వరును కంప్యూటరు తెలియనివారు కారు. వైద్యురాలు తడుముకొనకుండ మీటలు నొక్కగలదు. ఫార్మసిస్టు దినమునకు వందలకొలది చీటీలను తెరమీద పరిశీలించువాడు. నర్సు ప్రతి పొట్లమును నియమము ప్రకారము యంత్రమునకు చూపెను. యంత్రమును వాడుట నేర్పుట ఒక్కటే ‘డిజిటల్ నేర్పు’ అనుకొన్నచో ఈ ముగ్గురును పరీక్షలో ఉత్తీర్ణులే. అయినను బాలుడు ప్రాణాపాయము వరకు పోయి వచ్చెను. కావున కావలసిన నేర్పు వేరొకటి. ఆ రాత్రి జరిగిన సంగతినుండి దానిని నాలుగు భాగములుగా విడదీసి చూడవచ్చును.

మొదటిది ప్రమాణ జ్ఞానము. అంగడికి పోయి ‘160 రూపాయలకు పప్పు ఇమ్ము’ అనుటకును, ‘కిలో 160 రూపాయల చొప్పున పప్పు ఇమ్ము’ అనుటకును ఎంత భేదమున్నదో పిల్లవానికిని తెలియును. మొదటిది మొత్తము, రెండవది రేటు. మిల్లీగ్రాములకును, కిలోగ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములకును ఉన్న భేదము అదియే. ప్రమాణము లేని సంఖ్యకు అర్థము లేదని తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్ర పాఠములో చెప్పుదుము. ఆ పాఠము ఈ తెరమీద ఒకరి ప్రాణముతో ముడిపడియున్నది.

రెండవది పరిమాణమును గూర్చిన అంచనా. లెక్కకు సమాధానము వచ్చిన తరువాత, ఇది సంభవమా అని మనస్సులో తూచుట. ఒక మనిషి ఒక్కసారి మ్రింగు మాత్రలు ఒకటి, రెండు, మూడు. ముప్పదియెనిమిది అనగానే లెక్క విడిచి మొదటికి పోవలెను.

మూడవది, యంత్రము దేనిని పరీక్షించినదో, దేనిని పరీక్షింపలేదో ఎరుగుట. బార్‌కోడు చెప్పునది ఇంతే: ఈ పొట్లములోని మందు చీటీలోని మందే, ఈ రోగి చీటీలోని రోగియే. చీటీయే తప్పైనచో అది కనిపెట్టజాలదు. పైగా తప్పు చీటీని తూచ తప్పకుండ అమలు జరిపించును. నర్సు దానిని ‘మోతాదు సరియైనది’ అను భావముతో గ్రహించెను. యంత్రము ఆ మాట అనలేదు.

నాలుగవది, సందేహమును పైకి చెప్పుట. రాత్రివేళ, క్రొత్త వార్డులో, చేతినిండ పనియున్నప్పుడు పెద్దవారిని లేపి ‘ఇది సరియేనా’ అని అడుగుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము నర్సు స్వభావమునుబట్టి మాత్రమే రాదు. అడిగినవారిని చిన్నబుచ్చని వాడుక ఆసుపత్రిలో ఉండవలెను.

హెచ్చరికల రొద

హెచ్చరికను లక్ష్యపెట్టనివారిదే తప్పని తేల్చుట సులభము. గ్రంథకర్త అట్లు తేల్చలేదు. ఆ ఆసుపత్రిలోని తీవ్ర చికిత్సా వార్డులలో 77 పడకలను 31 దినములు పరిశీలించిన ఒక అధ్యయనము 2014లో ప్రకటింపబడినది. ఆ ఒక్క నెలలో రోగుల వద్దనుండు యంత్రములు ఇచ్చిన హెచ్చరికలు 25 లక్షలకు మించినవి. చెవికి వినబడునట్టివే పడకకు రోజుకు 187. రోజుకు 187 అనగా ఎనిమిది నిమిషములకు ఒకటి చొప్పున. రాత్రింబవళ్లు ఇట్లు మ్రోగు గంటను మనిషి చెవి కొంతకాలమునకు వినుట మానుకొనును. మందుల తెరమీది హెచ్చరికలదియు ఇదే గతి. ముప్పదితొమ్మిది రెట్లు మించిన మోతాదునకు వచ్చు హెచ్చరికయు, కొద్దిగా మించిన మోతాదునకు వచ్చు హెచ్చరికయు ఒకే తీరున కనబడినచో రెండింటిని ఒకే తీరున తోసివేయుదురు.

దీనికి ప్రతిగా గ్రంథకర్త బోయింగ్ విమాన సంస్థకు పోయి అచటి ఇంజనీర్లను కలిసికొన్నాడు. విమాన చోదకుని ముందు హెచ్చరికలకు తరతమ భేదములు కలవు. తీవ్రమైనదానికి వెలుగు, శబ్దము వేరు. అది అరుదుగా మాత్రమే వచ్చును. క్రొత్త హెచ్చరికను చేర్చుటకు ముందు ఇంజనీర్లు దీర్ఘముగా చర్చింతురు. ఆసుపత్రి సాఫ్ట్‌వేరులో అట్టి పొదుపు లేకపోయినదని ఆయన నిందారోపణ. ఈ భాగము గ్రంథమునకు ప్రాణము. పని చేయువారి నేర్పునకును పరికరపు కూర్పునకును ఉన్న సంబంధమును ఇంత తేటగా చెప్పిన గ్రంథములు అరుదు.

పోగొట్టుకొన్న మాటలు కూడ ఇందు లెక్కకు వచ్చినవి. పూర్వము ఎక్స్-రే ఫిల్ములు ఒకే గదిలో ఉండెడివి. వైద్యులు ప్రతిదినము అచటికి పోయి రేడియాలజిస్టుతో ముఖాముఖి మాటలాడి, రోగి సంగతి చెప్పి, ఫిల్ము సంగతి తెలిసికొనెడివారు. బొమ్మలు కంప్యూటరులోనికి వచ్చిన తరువాత ఎచటనుండియైనను చూడవచ్చును గనుక ఆ గదికి పోవువారు తగ్గిరి. కాలము కలిసివచ్చినది, చర్చ పోయినది. మరియొక ఉదాహరణము 2012లో ఒక అమెరికా వైద్య పత్రికలో వెలువడిన బొమ్మ. ఏడేండ్ల బాలిక తాను వైద్యునొద్దకు పోయినప్పటి దృశ్యమును రంగులతో గీసినది. అందు వైద్యుడు తమకు వీపు త్రిప్పి కంప్యూటరు వైపు చూచుచున్నాడు.

గ్రంథములోని కొరతలు

ఇంత మేలైన గ్రంథములో కొరతలు లేకపోలేదు. పేరులోనే తెలియుచున్నట్లు దీని దృష్టి ముఖ్యముగా వైద్యునిది. తప్పు మందు చేరుటకును చేరకుండుటకును చివరి నిమిషమున అడ్డు నిలువదగినది నర్సు. ఆమెకును, ఫార్మసిస్టునకును, పరీక్షాశాలలో పనిచేయువారికిని ఏమి నేర్పవలెను, ఎట్లు నేర్పవలెను అను విషయము తగినంత విస్తరింపబడలేదు. పరికరమును బాగుచేయుటను గూర్చిన అధ్యాయములు బలముగా ఉన్నవి; మనిషిని తీర్చిదిద్దుటను గూర్చిన మాటలు అచటచట చెదరియున్నవి. కడపటి అధ్యాయములలో భవిష్యత్తును వర్ణించునప్పుడు, 38½ మాత్రల కథలో కనబరచిన కఠిన పరిశీలన సడలినట్లు తోచును.

తరువాతి ప్రభుత్వ నివేదికలలో ఈ కొరత తీరినదా? ఇంగ్లండు ఆరోగ్య శాఖ కోరికపై వాక్టర్ అధ్యక్షతన ఒక సంఘము 2016లో నివేదిక సమర్పించినది. వైద్యము, కంప్యూటరు రెండును తెలిసిన వారిని తగినంతమందిని తయారుచేయవలెనని అందు గట్టిగా చెప్పిరి. 2019 ఫిబ్రవరిలో అమెరికా వైద్యుడు ఎరిక్ టోపాల్ నాయకత్వమున మరియొక నివేదిక వెలువడినది. ఇరువది సంవత్సరములలో ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాఖలోని ఉద్యోగములలో నూటికి తొంబదింటికి కొంతయైనను డిజిటల్ నేర్పు కావలసివచ్చునని అందు చెప్పబడినది. ఈ అంచనాతో మనకు పేచీ లేదు. ‘కొంత నేర్పు’ అను మాటను మాత్రము విప్పి చెప్పవలెను. నమోదు చేయుట, వెదకి తీయుట, పంపుట అను పనులు లెక్కించుటకు సులభములు. సందేహించుట లెక్కించుటకు కష్టము. లెక్కకు వచ్చినదే శిక్షణగా చెల్లిపోవు ప్రమాదమున్నది.

సందేహించు నేర్పు ఎట్లుండునో పాత ఉదాహరణమొకటి చూపును. కాన్సరునకు కిరణ చికిత్స చేయు థెరాక్-25 అను యంత్రము వలన 1985 జూన్ మొదలు 1987 జనవరి లోపల అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులకు అపరిమితమైన కిరణములు తగిలెను, కొందరు మరణించిరి. యంత్రము తెరమీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అను ముక్తసరి సందేశము తప్ప వివరమేమియు లేదు. అధిక మోతాదు అసంభవమని తయారుచేసినవారు చెప్పుచుండిరి. 1986లో టెక్సాస్ రాష్ట్రమున టైలర్ పట్టణపు కాన్సరు కేంద్రములో పనిచేయు భౌతిక శాస్త్రజ్ఞుడును, యంత్రమును నడుపు ఉద్యోగినియు ఆ మాటతో ఊరుకొనలేదు. ఆనాడు తాను ఏయే మీటలు ఎంత వేగముగా నొక్కినదో ఆమె జ్ఞప్తికి తెచ్చుకొనెను. ఇరువురును మరల మరల ప్రయత్నించి అదే సందేశమును రప్పించిరి. ఎక్స్-కిరణములని పొరపాటున కొట్టి, ఎనిమిది సెకండ్లలోపల ఎలక్ట్రాన్ కిరణములని దిద్దినచో యంత్రము తబ్బిబ్బగుచున్నదని తేలెను. ప్రోగ్రాము వ్రాయుట ఎరుగని ఉద్యోగిని జ్ఞాపకశక్తియు, శాస్త్రజ్ఞుని పట్టుదలయు కలిసి ఇంజనీర్లకు అంతుపట్టని లోపమును బయటపెట్టినవి. ఆసుపత్రి ఉద్యోగులకు నేర్పవలసిన నేర్పునకు దీనికంటె మంచి నిర్వచనము దొరకదు.

2015 తరువాత వచ్చిన మార్పు గ్రంథములో ఉండుటకు వీలులేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు వాక్యములు కూర్చు యంత్రములు ఆసుపత్రులలోనికి వచ్చుచున్నవి. వైద్యుడు, రోగి మాటలాడుకొనుచుండగా విని, కేసు షీటును తామే వ్రాసిపెట్టు యంత్రములు వచ్చినవి. బాలిక బొమ్మలోని వైద్యుడు మరల రోగివైపు తిరుగుటకు ఇవి తోడ్పడవచ్చును. కాని సంఖ్య తప్పైనచో అది వికారముగా కనబడును. వాక్యము తప్పైనను నున్నగా చదువబడును. చదువువాని జాగరూకత ఇంకను ఎక్కువ కావలెను.

మన ఆసుపత్రులు, మన తరగతి గదులు

ఇది అమెరికా కథ యని మనము ప్రక్కన పెట్టరాదు. దూరమునుండి వైద్య సలహా అందించు ఈ-సంజీవని 2019 నవంబరులో మన దేశమున ప్రారంభమైనది. ప్రతి పౌరుడును 14 అంకెల ఆరోగ్య సంఖ్యను పొందుటకు వీలుకల్పించు ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటికిని విస్తరించినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని నర్సమ్మయు, ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తయు నేడు గర్భిణుల బరువులు, శిశువుల టీకాలు ఫోనులోనో, టాబ్లెట్టులోనో నమోదు చేయుచున్నారు. దూరవైద్యమును గూర్చి 2020 మార్చి 25న వెలువడిన నియమావళిలో ఒక మంచి మాట కలదు: తెరమీది సంప్రదింపు చాలునా, రోగిని స్వయముగా చూడవలెనా అను నిర్ణయము వైద్యుని వివేకమునకు విడువబడినది. పరికరమును ఎప్పుడు వాడరాదో తెలియుటయు నేర్పులో భాగమే యని ఇందలి అంతరార్థము. ఈ వివేకము వైద్యునితో ఆగక నర్సమ్మ వరకు, ఆశా కార్యకర్త వరకు దిగవలెను.

ఆ నేర్పునకు పునాది వైద్య కళాశాలలో పడదు. ఉన్నత పాఠశాలలో పడును. ఉపాధ్యాయులు ఒక లెక్క ఇచ్చి చూడవచ్చును. ఒక శిశువు బరువు 18 కిలోగ్రాములు. పారాసిటమాల్ కిలోగ్రాముకు 15 మిల్లీగ్రాముల చొప్పున వైద్యుడు వ్రాసెను. ఒక్కొక్కసారి ఎంత? 270 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న సీసాయైనచో 5.4 మిల్లీలీటర్లు పోయవలెను. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములే ఉన్న సీసాయైనచో 11.25 మిల్లీలీటర్లు. రెండును పారాసిటమాల్ సీసాలే. రెండును అంగడిలో దొరకును. (ఇది లెక్క మాత్రమే, ఇంటిలో మందు పోయునప్పుడు వైద్యుని మాటయే ప్రమాణము.) సమాధానము వచ్చిన తరువాత విద్యార్థిని మరి మూడు ప్రశ్నలు అడుగవలెను: నీ సంఖ్యకు ప్రమాణమేమి? అది సంభవమా? సందేహము కలిగినచో ఎవరిని అడుగుదువు? మూడవ ప్రశ్న లెక్కల పుస్తకములో ఉండదు. తరగతిలో ‘నాకు అర్థము కాలేదు’ అని లేచి నిలిచిన పిల్లవానిని చూచి తోటివారు నవ్వినప్పుడు ఉపాధ్యాయుడు ఏమి చేయునో, దానిలోనే ఆ ప్రశ్నకు సమాధానమున్నది.

గ్రంథము వైద్య పరిభాష ఎరుగనివారికిని అర్థమగు శైలిలో ఉన్నది. సాంకేతిక పదమును వాడిన చోటనే దానిని విప్పి చెప్పుట గ్రంథకర్త అలవాటు. అన్నింటికంటె మెచ్చదగినది ఆయన నిజాయితీ. తాను పనిచేయు ఆసుపత్రిలో జరిగిన తప్పును దాచక, పాల్గొన్నవారిని దూషింపక, మెట్టు మెట్టుగా విప్పి చూపెను. తప్పును ఇట్లు విప్పి చూపుటకు అంగీకరించిన ఆ సంస్థయు అభినందనీయము. సైన్సు, గణితము బోధించు ఉపాధ్యాయులు మందుల మోతాదును, హెచ్చరికల రొదను గూర్చిన అధ్యాయములనైనను తప్పక చదువవలెను. వైద్య విద్యకో, నర్సు శిక్షణకో పోదలచిన విద్యార్థులు గ్రంథమంతయు చదువుట మంచిది. తెలుగులో ఇట్టి గ్రంథము రావలసియున్నది. అందు నర్సుకు, ఆశా కార్యకర్తకు వైద్యునితో సమానముగా చోటుండవలెను.